రెండో తాళం చెవి

ఇస్నాపూర్
28 జూన్ 2024

భాభీకి ఫుర్ఖాన్ సలాం.

మీరూ పాప తహ్రీమూ బాగున్నారని తలుస్తాను. ఉత్తరం చూసి నవ్వకండి. పదో తరగతి పరీక్షలో మిత్రునికి లేఖ రాశాక మళ్ళీ నేను రాస్తున్న ఉత్తరం ఇదే. దానికి రెండు మార్కులు వచ్చాయి. ఫోన్ చేద్దామంటే అమ్మీ ఒప్పుకోలేదు. "మొగుడు వోయి ఇద్దత్‌ల ఉన్న మనిషి. నాలుగు నెలల పది దినాలు గడప దాటొద్దు, పరాయి మగోని గొంతు ఇనొద్దు. మరిదైనా పరాయోడే" అంటుంది. మీ ఫోను కూడా తన పెట్టెలో వేసి తాళం పెట్టుకుందట. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న మనిషికి ఎదురు చెప్పలేకపోయాను. అందుకే బక్కమ్మ చేతికి ఇస్తున్నాను. ఎట్లాగూ గుమ్మడిదల నుంచి రోజూ ఆకుకూరల మూటతో ఇక్కడికి వస్తుంది కదా. ఉర్దూ మనిద్దరికీ మాట్లాడడమే తప్ప రాయడం రాదు, కాబట్టి తెలుగులోనే.

అసలు సంగతి కారు. భాయ్ ఫ్యాక్టరీ గేటు దగ్గర స్టీరింగ్ మీద తల వాల్చిన రోజు నుంచి ట్రిప్పు ఒక్క రోజు కూడా ఆగనివ్వలేదు నేను. యాదన్నను డ్రైవరుగా పెట్టాను. ల్యాబు ఆడపిల్లలను పొద్దున్నే ఎక్కించుకుని గేటు దగ్గర దింపి, మధ్యాహ్నం వెనక్కి తెస్తున్నాడు. ముందు సీట్లో మీ బదులు ఫ్యాక్టరీ వాళ్ళే ఒక ఆడ గార్డును కూర్చోబెడుతున్నారు, మీ ఇద్దత్ అయ్యే వరకు. కానీ దసరా తర్వాత కాంట్రాక్టు కొత్తగా రాసేటప్పుడు పాత కారు పెట్టనివ్వరట. కొత్త కారు ఉంటేనే ట్రిప్పు. లేకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తారట.

అందుకే పటాన్‌చెరులో హైవే మీది షోరూంకు తీసుకుపోయాను. పాతది ఇచ్చి కొత్తది తీసుకోవచ్చు. జయంత్ అని ఒక కుర్రాడు టై కట్టుకుని ఎదురొచ్చి, "అన్నా, మీరు మా ఫ్యామిలీ లెక్క" అని చాయ్, బిస్కెట్ ఇచ్చాడు. తర్వాత లెక్క కట్టే మనిషి వచ్చి కారు చుట్టూ తిరిగాడు. రంగు మందం కొలిచే చిన్న మిషన్‌ను డోర్లకు ఆనించి చూశాడు. బానెట్ మీద చేయి వేసి, "ఇదంత గుంతలు వడ్డది. ఫ్యాక్టరీల దగ్గర నిలవెట్టిన్రా? కెమికల్ గాలికి రంగు తింటది" అని ధర కోశాడు. ఎడమ తలుపు సొట్టకు ఇంకొంత కోశాడు. చివర్లో రెండో తాళం చెవి ఏదని అడిగాడు. కొత్త కారుతో కంపెనీ రెండు ఇస్తుందట, రెండూ తిరిగి ఇవ్వాలట. ఇంట్లో వెతికి బక్కమ్మకు ఇవ్వండి.

అమ్మీకి సలాం. తహ్రీమ్‌కు చాక్లెట్లు పంపుతున్నాను.

మీ మరిది
ఫుర్ఖాన్

గుమ్మడిదల
1 జూలై

ఫుర్ఖాన్,

రెండు మార్కులు ఎక్కువే వేశాడు ఆ సారు. మొత్తం ఉత్తరంలో మీ అన్న లేని ఇల్లు ఎట్లా ఉందని ఒక్క ముక్క అడగలేదు. సరే, నేనే చెబుతాను. పొద్దున్నే మెలకువ వస్తుంది. ట్రిప్పు వేళ అది. లేచి చున్నీ సర్దుకుని, ఎక్కడికి పోవాలో గుర్తుకొచ్చి, మళ్ళీ పడుకుంటాను.

షోరూంలో చాయ్ ఇచ్చినవాడు ఫ్యామిలీ అయిపోతే, మన ఊరి హోటలు ఆయన నీకు మేనమామ కావాలి. బిస్కెట్ తిను గానీ మాట ఇవ్వకు. రంగు గుంతలు పడిందన్నాడా? మన ఇంటి ముందు నిలబెట్టిన కారు అది. రాత్రి పూట ఏ గాలి వస్తుందో నీకు తెలియదా? కిటికీలు మూసుకుని, తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుని పడుకున్న రోజులు మరిచావా? ఆ గాలికి కారు ధర తగ్గిందంటే మనుషుల ధర ఎంత తగ్గి ఉంటుందో కూడా ఆ మిషన్‌తో కొలవమను. మీ అన్న దగ్గుకు వాళ్ళు ఎంత కోస్తారో అడుగు.

నా మాటలు మూడు ఉన్నాయి. కొత్త కారు నా పేరు మీద ఉండాలి. ట్రిప్పు మన ఇంటిదిగానే ఉండాలి. తెల్లవారక ముందు ఆడపిల్లలను తెచ్చే కారులో ఇంకో ఆడమనిషి ఉండాలని కంపెనీ రూలు పెట్టినప్పుడు, మీ అన్న పక్కన ఆరేళ్ళు కూర్చున్నది నేను. చలికాలం స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, జ్వరంలో కూడా. ఆ ట్రిప్పు మీదే తహ్రీమ్ చదువు, ఈ ఇంటి పొయ్యి ఉన్నాయి. అది పోతే నేను మా అన్నల గుమ్మం ముందు నిలబడాలి. వాళ్ళు మీ అన్న ఫాతెహా భోజనం చేసి పోయినవాళ్ళు మళ్ళీ ఈ దిక్కు చూడలేదు. మూడోది, ఎడమ తలుపు సొట్ట గురించి ఎవరైనా అడిగితే గేటు తగిలిందని చెప్పు. అంతకు మించి చెప్పకు.

తాళం చెవి వెతుకుతాను.

నీ భాభీ
రుఖయ్యా

తహ్రీమ్ చాక్లెట్లన్నీ తనే తిన్నది. అమ్మీ తిట్టింది నన్ను.

ఇస్నాపూర్
16 జూలై

భాభీకి సలాం.

రేపు మొహర్రం. దుకాణంలో ఫోన్ కవర్లు కొనేవాడు లేడు గనక తీరిగ్గా రాస్తున్నాను.

షోరూంకు రెండోసారి పోయాను. ఈసారి బిస్కెట్ లేదు. జయంత్ ఒక ధర చెప్పి, "మేనేజర్ సార్‌ను అడిగొస్త" అని అద్దాల గదిలోకి పోతాడు. బయటికొచ్చి ఇంకా తక్కువ చెబుతాడు. మళ్ళీ లోపలికి పోతాడు. లోపల వాళ్ళిద్దరూ సమోసాలు తింటూ నవ్వుకోవడం అద్దంలోంచి కనబడుతూనే ఉంది. నేను లేచి పోబోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. మొత్తానికి మొదటి ధరకే తెచ్చాను. మీరు నన్ను చేతకానివాడినని అనుకుంటారు గానీ నాకూ బేరం వచ్చు.

ఇప్పుడు చిక్కు వేరే. కారు భాయ్ పేరు మీద ఉంది. చనిపోయినవాళ్ళ పేరు మీది బండిని షోరూం తీసుకోదు. ముందు వారసుల్లో ఒకరి పేరు మీదికి మార్చాలట, అదీ మనిషి పోయిన మూడు నెలల్లోపే. ఎవరి పేరు మీదికి మారుతుందో ఆ మనిషి సంగారెడ్డిలో ఆర్టీఏ ఆఫీసుకు వచ్చి నిలబడాలి. మీరు రాలేరు. మన మసీదు హజ్రత్‌ను అడిగాను, ఎందుకైనా మంచిదని. ఇద్దత్ పూర్తయ్యేదాకా గడప దాటడానికి వీల్లేదు, పగలైనా రాత్రైనా అని ఖరాఖండిగా చెప్పారు. అమ్మీ కూడా అక్కడే ఉంది, కావాలంటే అడగండి.

కాబట్టి ప్రస్తుతానికి నా పేరు మీదికి మారుద్దాం. మీకు అభ్యంతరం లేదని ఒక కాగితం మీద సంతకం చేయాలి. పేరుకే. ఎక్స్ఛేంజ్ అయ్యేటప్పుడు కొత్తది మీ పేరు మీద తీసుకుందాం. కాగితం బక్కమ్మ దగ్గర ఉంది. జల్దీ పంపండి, నెల దాటితే కష్టం.

తాళం చెవి దొరికిందా?

ఖుదా హాఫిజ్
ఫుర్ఖాన్

గుమ్మడిదల
19 జూలై

ఫుర్ఖాన్,

నీ కాగితాన్ని రెండు రోజులు ఖురాన్ అల్మారా మీద పెట్టి చూశాను.

ఒక సంగతి నాకు సరిగ్గా మింగుడు పడటం లేదు. మా మేనత్త మొగుడు పోయినప్పుడు ఆమె పగలు నాట్లకు పోయి పొద్దు గూకక ముందే ఇంటికొచ్చేది. ఇద్దత్‌లోనే. పెట్టేవాళ్ళు లేక. ఊళ్ళో ఎవరూ తప్పు పట్టలేదు. హజ్రత్‌ను ఇంకోసారి అడుగు. పొట్టకూటి పని అని చెప్పి అడుగు. ఒక్క పూట, ముసుగు వేసుకుని, నీతో కాదు, బక్కమ్మతో పోయి వస్తానని చెప్పు. అమ్మీని అడిగాను. "హజ్రత్ జెప్పినంక నువ్వేంది అడిగేది" అని నమాజుకు లేచింది.

నిన్ను నమ్మడానికి నాకు కారణాలు వెతకాల్సి వస్తోంది, ఫుర్ఖాన్. సిమ్ కార్డుల దుకాణం మూసేసినప్పుడు మీ అన్న నిన్ను కాపాడాడు. చేపల చెరువు కౌలుకు తీసుకుని చేపలకంటే ముందు నువ్వు మునిగినప్పుడూ ఆయనే. అప్పుడు నువ్వు ఇదే గదిలో కూర్చుని, "భాభీ, మీరే నాకు అమ్మ" అని ఏడ్చావు. నీకు గుర్తుందో లేదో గానీ నేను నీకు ఆ రోజు కోడిగుడ్డు పులుసు పెట్టాను. మూడు గుడ్లు తిన్నావు, ఏడుస్తూనే.

సంతకం చేశాను. ట్రిప్పు పోతే నాకు నిలబడే చోటు లేదు గనక చేశాను. నువ్వు ఎట్లా మాట ఇచ్చావో అట్లాగే చెయ్యి.

తాళం చెవి ఇంకా కనబడలేదు.

రుఖయ్యా

ఇస్నాపూర్
12 ఆగస్టు

భాభీకి,

మూడు గుడ్ల లెక్క కూడా రాసి పెట్టుకున్నారన్నమాట. మంచిది. ఆ ఉత్తరం చదువుతుంటే బక్కమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. "ఏం రాసింది బిడ్డా, మొకం అట్ల వెట్టినవ్?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. సంగారెడ్డి ఎండలో ఆఫీసు చుట్టూ తిరిగిందీ, షోరూంలో కుక్కలా కూర్చున్నదీ నేను. ఇంట్లో కూర్చుని చేపల చెరువు ఎత్తిపొడిచింది మీరు.

హజ్రత్‌ను మళ్ళీ అడగలేదు. పెద్దాయనను ఒకే మాట రెండుసార్లు అడగడం బాగుండదు.

కారు నా పేరు మీదికి మారింది. షోరూంకు మళ్ళీ పోయాను. లెక్క కట్టేవాడు ముందు సీటు మీద కూర్చుని, వాసన చూసి, "కార్ల ఎవలన్న సచ్చిపోయిన్రా? నిజం చెప్పు. తెలిస్తె కొనెటోళ్ళు రారు" అన్నాడు. లేదని చెప్పాను. ఓనరు దుబాయ్ పోయాడని చెప్పాను. ఏం చెయ్యమంటారు, నిజం చెబితే ఇంకా కోస్తాడు. అందుకే అనుమానం రాకుండా సీటు కవర్లు తీసేయించాను. అద్దానికి వేలాడే భాయ్ జపమాల, తస్బీ కూడా. కవర్లు యాదన్న తన ఎద్దుల కొట్టంలో పరుచుకుంటానని తీసుకుపోయాడు. తస్బీ ఎక్కడ పెట్టానో చూడాలి.

రెండో తాళం చెవి లేకపోతే ధర కోస్తామని జయంత్ మరీ మరీ చెప్పాడు. దాన్ని మళ్ళీ చేయించాలంటే కంపెనీకి రాయాలట. ఇంత పెద్ద ఇల్లు కూడా కాదు మనది. వెతికితే దొరకదా?

ఫుర్ఖాన్

గుమ్మడిదల
15 ఆగస్టు

ఆ కవర్లు నేను కుట్టినవి. నీలం గుడ్డ జోగిపేట సంతలో మీ అన్నే ఏరాడు. ఆయన చివరి చెమట వాటి మీద ఉంది. ఎద్దుల కింద పరిచావు.

ఓనరు దుబాయ్ పోయాడని చెప్పిన నోటితో ఇంటికొచ్చి అమ్మీ ముందు అన్న పేరు ఎట్లా తీస్తావు? నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. చాలా కోపంగా ఉంది ఫుర్ఖాన్. నా ఎదురుగా ఉంటే చెంప మీద కొట్టేదాన్ని, పరాయి మగవాడివైనా సరే.

తాళం చెవి దొరకలేదు. నువ్వు అడిగిన కొద్దీ దొరకడం లేదు.

రుఖయ్యా

ఇస్నాపూర్
22 సెప్టెంబరు

భాభీకి సలాం.

నెల దాటింది మీకు రాసి. మీ కోపం చల్లారాలని ఆగాను. కోపాలతో సంసారాలు నడవవు కదా.

దసరా ఆఫర్లు మొదలయ్యాయి. పాత కారు ఇచ్చి కొత్తది కొంటే కంపెనీ ఎక్స్ఛేంజ్ బోనస్ ఇస్తుంది. మంచి మొత్తమే. అయితే పాత కారు ఎవరి పేరు మీద ఉందో కొత్తదీ వాళ్ళ పేరు మీదే ఉండాలి. లేకపోతే దగ్గరి చుట్టరికమైనా ఉండాలి. తల్లీదండ్రీ, భార్యాభర్తా, పిల్లలూ, తోబుట్టువులూ. నేను మీ పేరు చెప్పాను. జయంత్ కంప్యూటర్‌లో చూసి, "అన్నా, వదిన–మరిది దగ్గరి చుట్టరికం కింద రాదు. సిస్టమ్ తీస్కోదు" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. పాతది నా పేరు మీద ఉంది గనక కొత్తదీ నా పేరు మీదే తీసుకోవాల్సి వచ్చింది. బుక్ చేసేశాను. తెల్లదే. కిస్తీలు నేనే కట్టుకుంటాను, మీకు ఆ పరేషాన్ లేదు.

ఇంకో మాట. అమ్మీ, నేను మాట్లాడుకున్నాం. ఇంతకు ముందంటే మీరు భర్త పక్కన కూర్చున్నారు. ఇప్పుడు చీకటితో లేచి, కిరాయి డ్రైవర్ పక్కన కూర్చుని పోతే నలుగురు నాలుగు మాటలంటారు. వితంతువుకు మర్యాద ముఖ్యం. కాబట్టి ట్రిప్పు కూడా నా పేరు మీదికి మార్పిస్తాను. ముందు సీటుకు ఎవరో ఒక ఆడమనిషిని జీతానికి పెట్టుకుంటాను. ముందు సీట్లో కూర్చోవడం ఏమంత పెద్ద పని, ఎవరైనా కూర్చుంటారు. మీరు ఇంట్లో ఉండి అమ్మీని చూసుకోండి. ఇంటి ఖర్చుకు నేను ఇస్తాను. కూరగాయలకు, తహ్రీమ్ ఫీజుకు లోటు రానివ్వను.

జహీరాబాద్ సంబంధం ఖాయమైంది. డిసెంబరులో నికా. వాళ్ళు వచ్చి షోరూంలో కారు కూడా చూసుకున్నారు. సంతోషించారు. మీరు కూడా సంతోషించాలి.

మీ మరిది
ఫుర్ఖాన్

గుమ్మడిదల
24 సెప్టెంబరు

ఫుర్ఖాన్ మియాకు,

ఉత్తరం అందింది. ముబారక్. పెళ్ళికూతురికి నా దువాలు.

నువ్వు చెప్పినవన్నీ అర్థమయ్యాయి. జూలైలో సంతకం చేసినప్పుడే నేను ఆ చుట్టరికం నుంచి బయటికి వచ్చానని ఇప్పుడు తెలిసింది. నేను అడిగేది ఒక్కటే. పాత కారును వాళ్ళు ఎక్కడ పెడతారు? ఊరికే అడుగుతున్నాను. ఆరేళ్ళు కూర్చున్న సీటు కదా.

రుఖయ్యా

ఇస్నాపూర్
4 అక్టోబరు

భాభీకి ప్రేమతో సలాం.

మీ ఉత్తరం చదివి మనసు తేలికైంది. మీరు ఇంత పెద్ద మనసుతో అర్థం చేసుకుంటారని నాకు తెలుసు, నేనే తప్పుగా అనుకున్నాను.

నిన్న షోరూంలో కొత్త కారు చేతికొచ్చింది. షోరూం వాళ్ళు దాని మీద ఎర్ర గుడ్డ కప్పి, అమ్మీ చేత లాగించారు. మేళం పాట పెట్టారు. అమ్మీ మొదట భయపడింది, తర్వాత నవ్వింది. భాయ్ పోయాక అమ్మీ నవ్వడం మొదటిసారి చూశాను. కేకు కూడా కోశాం. జయంత్ మా అందరితో ఫోటో దిగి, "ఇగ మీరు మా ఫ్యామిలీ" అన్నాడు. తహ్రీమ్‌ను కూడా తెద్దామనుకున్నాం, మరిచిపోయాం.

మీరు అడిగారు గనక చెబుతున్నాను. పాతది షోరూం వెనక యార్డులో ఉంది, అమ్మకానికి పెట్టిన పాత కార్ల మధ్య. రెండో తాళం చెవి లేదని నా దగ్గర బాగానే కోశారు, మీ పుణ్యమా అని. జయంత్ నవ్వుతూ, "ఒక్క తాళంచెవి బండి ఎవడు కొంటడన్నా, దొంగబండి అనుకుంటరు. గీ యార్డుల్నే తుప్పువడ్తది" అన్నాడు. ఇక దాని గురించి ఆలోచించకండి.

సోమవారానికి మీ ఇద్దత్ అయిపోతుందని అమ్మీ చెప్పింది. కొత్త బట్టలు తెస్తాను. గాజులు ఏ రంగువి కావాలో బక్కమ్మతో చెప్పి పంపండి.

మీవాడు
ఫుర్ఖాన్

ఇస్నాపూర్
18 నవంబరు

భాభీ,

మూడు సార్లు ఫోన్ చేశాను. ఇప్పుడు మీ ఫోను మీ దగ్గరే ఉందని తెలుసు. ఎత్తడం లేదు. ఇంటికి రెండుసార్లు వచ్చాను. "ట్రిప్పుకు వోయింది" అని అమ్మీ గోడ దిక్కు చూస్తూ చెప్పింది. అందుకే మళ్ళీ బక్కమ్మే గతి అయింది.

పోయిన వారం ఫ్యాక్టరీ గేటు దగ్గర నా కళ్ళతో చూశాను. భాయ్ తెల్ల కారు. అదే సొట్ట. స్టీరింగ్ ముందు మీరు. వెనక ఆడపిల్లలు పాటలు పెట్టుకుని కూర్చున్నారు. మీకు కారు నడపడం ఎప్పుడు వచ్చింది? ఎవరు నేర్పారు? ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి మాకు చెప్పలేదంటే మీరు మామూలు మనిషి కాదు.

ఫ్యాక్టరీ ఆఫీసులో ట్రిప్పులు చూసే సూర్యప్రకాశరావు గారిని కలిశాను. కొత్త కారు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కారు ఏదైతేంది? మా పిల్లలు ఆ అమ్మను నమ్ముతరు. నడిపేది కూడ ఆమెనే అయితే మాకు ఇంకా మంచిదే. సంతకాలు అయిపోయినయి" అన్నాడు. నన్ను కూర్చోమని కూడా అనలేదు.

నాకు ట్రిప్పు లేదు భాభీ. ట్రిప్పు వస్తుందన్న ధైర్యంతో కిస్తీలకు ఒప్పుకున్నాను. రెండోది కట్టలేదు. ఫైనాన్స్ మనుషులు దుకాణం ముందు వచ్చి కూర్చుంటున్నారు. ఇంకో కంపెనీని అడిగితే మూడేళ్ళ అనుభవం కావాలంటున్నారు. జహీరాబాద్ వాళ్ళకు సంగతి తెలిసి నికా వెనక్కి జరిపారు. అంటే లేదనే అర్థం. అమ్మాయి పేరు కూడా నేను ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను.

తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. మీరు ఒక్క మాట చెబితే సూర్యప్రకాశరావు గారు మధ్యాహ్నం షిఫ్టు అయినా నాకు ఇస్తారు. మనం ఒకే ఇంటి వాళ్ళం. ఒకే కుండలో అన్నం తిన్నవాళ్ళం. మీరే నాకు అమ్మ అన్నాను, అది అబద్ధం కాదు. భాయ్ ఉంటే నన్ను ఇట్లా వదిలేసేవాడా?

మీ కాళ్ళు పట్టుకునే
ఫుర్ఖాన్

గుమ్మడిదల
20 నవంబరు

ఫుర్ఖాన్,

భాయ్ ఉంటే నిన్ను వదిలేసేవాడు కాదు. అది ఆయన బలహీనత. నాకు లేదు.

అడిగావు గనక చెబుతాను. నడపడం నేర్పింది ఆయనే. ఆదివారాలు ఫ్యాక్టరీ వెనక ఖాళీ రోడ్డు మీద. ఎడమ తలుపు సొట్ట నేను మూడో వారం గేటు స్తంభానికి కొట్టింది. ఆయన దిగి చూసి, నవ్వి, "ఇది బాగు చెయ్యించొద్దు రుక్కూ, నీ గుర్తు" అన్నాడు. సంగారెడ్డి పోయి లైసెన్సు కూడా తీసుకున్నాను. అమ్మీకి తెలిస్తే రచ్చ అవుతుందని ఇద్దరం దాచాం. "నాకు ఏమైనా అయితే నువ్వు నడుపుకో" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను చేత్తో ఆయన నోరు మూసేదాన్ని.

ఇద్దత్ అయిన మర్నాడు తహ్రీమ్‌ను తీసుకుని దువా కోసం హజ్రత్ ఇంటికి పోయాను. ఆయన భార్య నాకు నీళ్ళిచ్చి, "ఇన్ని దినాలు కారు పనికి బయటికి రాకపోతివేంది బిడ్డా? జూలైల నీ మరిది అడిగితె మా ఇంటాయన జెప్పిండు గద, పొట్టకూటి రోజీ కోసం పగటిపూట వోయి పొద్దు మునగంగనే ఇల్లు జేరొచ్చని. మీ అత్త గూడ పరదా ఎన్కనే ఉండె" అంది. గ్లాసు కింద పెట్టేశాను. మీరిద్దరూ నా దుఃఖాన్ని తలుపుకు గొళ్ళెం చేశారు. నేను ఆయన కోసం పాటిస్తున్నాననుకున్నాను, నీ షోరూం కోసం పాటించాను.

అక్కడి నుంచి ఫ్యాక్టరీకి పోయాను. పాత కారు పెట్టనివ్వరని వాళ్ళు ఎప్పుడూ అనలేదు. ఫిట్‌నెస్ కాగితం తెమ్మన్నారంతే.

తర్వాత పటాన్‌చెరు. నికాలో మీ అన్న నాకిచ్చిన మెహర్ బంగారం అమ్ముకుని, నీ ఉత్తరాలు సంచిలో పెట్టుకుని పోయాను. కారు దుమ్ము కొట్టుకుని మూలన ఉంది. జయంత్ చాయ్ ఇచ్చాడు, నన్ను కూడా ఫ్యామిలీ అన్నాడు. నీ ఉత్తరాలు తీసి ఒక్కొక్కటే చదివాను. రంగు గుంతలు పడిందన్నారు, కొయ్యండి. సొట్ట ఉందన్నారు, కొయ్యండి. ఒక్క తాళం చెవి బండి, కొయ్యండి. ఇన్ని లోపాలు వరుసగా రాసి పంపినందుకు నీకు షుక్రియా. అయినా అతను ఇంకా బెట్టు చేశాడు. అప్పుడు చెప్పాను, ఈ కారులో మనిషి చచ్చిపోయాడని. ఎవరని అడిగాడు. నా మొగుడే అన్నాను. మేనేజర్‌ను అడగడానికి అద్దాల గదిలోకి కూడా పోలేదు, నేను చెప్పిన ధరకు రాసుకున్నాడు.

ఆయన చావు చెప్పి ధర దించుకున్నాను. ఆ రాత్రి నా కంచం తహ్రీమ్ ముందుకు జరిపాను. అది నువ్వు నేర్పిన బేరమే, నీకంటే బాగా చేశాను.

రెండో తాళం చెవి ఎప్పుడూ పోలేదు. ఆయన పోయిన రోజు చొక్కా జేబులో ఉంది. గార్డు రుమాలులో చుట్టి నా చేతిలో పెట్టాడు. మొదట నీకు ఇద్దామనే అనుకున్నాను. ఆయన ఒంటి మీది చివరి వస్తువు కదా, ఇంకో రెండు రోజులు ఉంచుకుందామని ఆపాను. సీటు కవర్ల ఉత్తరం వచ్చాక ఇక ఇవ్వలేదు. కాగితాల మీద సంతకాలయ్యాక, కారు తలుపు దానితోనే తీశాను. యాదన్న కొట్టానికి పోయి కవర్లు కూడా తెచ్చుకున్నాను. నాలుగు నీళ్ళలో ఉతికినా పేడ వాసన పూర్తిగా పోలేదు. వాటినే వేసుకున్నాను. తస్బీ మాత్రం నువ్వు ఇంకా వెతుకుతూనే ఉన్నట్టున్నావు.

అమ్మీకి రెండు పూటలా వేడిగా పెడుతున్నాను. మందులు తెస్తున్నాను. మాట్లాడడం లేదు. నోరు మూసుకుని ఒక ఇంట్లో ఎట్లా ఉండాలో ఆమే నాకు నాలుగు నెలలు నేర్పింది. రాత్రి ఆమె ఏడుస్తుంటే వినబడుతుంది. నాకు జాలి వేస్తుంది, కానీ లేచి దగ్గరికి పోబుద్ధి కావడం లేదు.

ఇక నీ మధ్యాహ్నం షిఫ్టు. సూర్యప్రకాశరావు గారు నన్ను అడిగారు, "అతను మీకు ఏమైతడమ్మా? దగ్గరి చుట్టమా?" అని. ఒక్క మాట చెబితే నీ పని అయిపోయేది. వదిన–మరిది దగ్గరి చుట్టరికం కింద రాదని చెప్పాను. సిస్టమ్ తీసుకోదన్నాను.

బక్కమ్మకు వయసైంది, మూట మీద మూట మోయించకు. దీనికి జవాబు వద్దు.

రుఖయ్యా

మొన్న నేను బండి కాగితాలకు పోయినప్పుడు జయంత్ నీ గురించి అడిగాడు. కిస్తీలు ఆగిన బండ్లు కూడా ఆ యార్డుకే వస్తాయట. నీది వచ్చే రోజు రెండు తాళం చెవులూ తెమ్మని చెప్పమన్నాడు.